రెక్కాడితే గాని డొక్కాడనివారు చట్టసభల్లో ఎక్కడ?

2019 అక్టోబరులో చిలీ రాజధాని శాంటియాగోలో రద్దీ వేళల మెట్రో ఛార్జీ 30 పెసోలు పెరిగి 830 పెసోలయింది. ఇదేం భారమని జనం అడిగితే ఆర్థిక వ్యవహారాల మంత్రి ఒక దారి చూపారు. పొద్దున్నే లేచి ఏడు గంటల లోపు రైలెక్కేవారికి తక్కువ ఛార్జీ ఉంది కదా, దాన్ని వాడుకోవచ్చు అన్నారు. ఆ మాట దేశమంతా పాకింది.

ఆ మాట విన్నవారు ఎవరో ఒక్కసారి ఊహించుకోవాలి. ఉద్యోగులు వచ్చేసరికి కార్యాలయం అద్దంలా ఉండాలని చీకటితోనే వచ్చి నేల తుడిచే స్త్రీ. ఇద్దరు పిల్లలను బడికి సిద్ధం చేసి, వారు గడప దాటాక గాని కదలలేని తల్లి. రాత్రి షిఫ్టు ముగించుకుని, అందరూ పనికి వెళ్లే వేళకు ఎదురు దిశలో నిద్రమత్తుతో ఇల్లు చేరే కాపలాదారు. వీరిలో ఎవరి గడియారమూ వారి చేతిలో లేదు. ఎన్నింటికి రావాలో, ఎన్నింటికి పోవాలో యజమాని చెబుతాడు. ఇంకొంచెం ముందు లేవండి అని వారికి సలహా ఇచ్చిన మనిషి తన సమయాన్ని తానే నిర్ణయించుకోగల మనిషి. ఆ తేడా ఆయనకు తట్టలేదు.

తర్వాత జరిగింది లోకమంతా చూసింది. విద్యార్థులు టికెట్ గేట్లు దూకారు. 18వ తేదీ రాత్రికి స్టేషన్లు తగలబడ్డాయి, అత్యవసర పరిస్థితి వచ్చింది, సైన్యం వీధుల్లోకి దిగింది. మర్నాడు పెంపును నిలిపివేసినా జనం వెనక్కి తగ్గలేదు. "30 పెసోలు కాదు, 30 ఏళ్లు" అన్నది వారి నినాదం. ఆ కోపం ఒక్క ఛార్జీ మీద కాదు, గడిచిన 30 ఏళ్లలో పేరుకున్న అసమానతల మీద. 25వ తేదీన ఒక్క శాంటియాగోలోనే పది లక్షల మందికి పైగా నడిచారు. ఆ అలజడిలో 30 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇదంతా మొదలు కావడానికి పది రోజుల ముందే అప్పటి అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరా తమ దేశాన్ని లాటిన్ అమెరికాలో ఒక ఒయాసిస్సుగా వర్ణించారు. అప్పట్లో ఆయన ఆ దేశపు అత్యంత సంపన్నుల్లో ఒకరు. ఆయన నిలబడిన చోటు నుంచి చూస్తే అది ఒయాసిస్సే. అబద్ధం చెప్పారని మేము అనడం లేదు. పాలకుడు అబద్ధం చెప్పడం కంటే ఇదే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది. అబద్ధమైతే నిలదీయవచ్చు. తాను చూసేదే దేశమని మనస్ఫూర్తిగా నమ్మేవారిని ఏం చేయాలి?

ప్రపంచం ఎంతగా చీలిపోయిందో చెప్పడానికి లెక్కలకు కొదవ లేదు. ప్రపంచ అసమానతల నివేదిక 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం భూమ్మీద ఉన్న సంపదలో 76 శాతం పైనున్న పదో వంతు జనం దగ్గర ఉంది. దిగువ సగం జనాభా మొత్తానికి దక్కింది 2 శాతం. ఏడాది ఆదాయంలో పై పదో వంతు 52 శాతం తీసుకుంటే, దిగువ సగానికి 8.5 శాతం చేరుతోంది. ఈ అంకెలు ఏటా వస్తాయి, ఏటా మేమూ అచ్చువేస్తాం. ఈసారి మా దృష్టి వీటిని చదివి చట్టాలు రాసేవారి మీద ఉంది.

ధరల పెరుగుదల సంగతే తీసుకుందాం. సగటున ఇంత శాతం పెరిగింది, అదుపులోనే ఉంది అని చట్టసభలో ప్రకటిస్తారు. 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి ఒక సత్యం తేల్చాడు. కుటుంబం ఎంత పేదదైతే దాని రాబడిలో అంత పెద్ద వాటా తిండికే పోతుంది. నూట అరవై ఏళ్లు దాటినా ఆ సూత్రం చెక్కు చెదరలేదు. తిండిగింజలు, వంటనూనె, ఇంటి అద్దె పెరిగి, విమానం టికెట్లు, టీవీలు చవకైతే సగటు అంకె నెమ్మదిగానే కనబడుతుంది. ఆ సగటు మాత్రం ఏ కూలీ ఇంటి పొయ్యి మీదా ఉడకదు. నెల మొదటి వారంలో అప్పు తీర్చి, మూడో వారంలో మళ్లీ అప్పు చేసే ఇంట్లో తిండి ఖర్చు కాస్త పెరిగితే కోత పడేది మందుల మీద, పిల్లల ఫీజు మీద. లెక్కలు తయారుచేసే అధికారికి ఈ తేడా తెలుసు. సభలో కూర్చున్నవారిలో దాన్ని ఒంటి మీద అనుభవించినవారు ఎందరు?

అమెరికాలో రాజకీయ శాస్త్రవేత్త నికొలస్ కార్న్స్ ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. శారీరక శ్రమ, సేవలు, గుమాస్తా పనుల వంటి కార్మిక ఉద్యోగాలు చేసేవారు ఆ దేశపు శ్రామిక జనాభాలో సగం కంటే ఎక్కువ. ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్‌లో అలాంటి నేపథ్యం నుంచి వచ్చినవారు 2 శాతం దాటలేదు. అదే అమెరికాలో గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం 2009 జులైలో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్లు దాటినా అక్కడే ఉంది. ఈ రెండింటికీ సంబంధం లేదని మేము అనుకోలేకపోతున్నాం.

పేదరికం అర్థం కావడానికి పేదగా పుట్టాలా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కలిగిన ఇంట పుట్టి కార్మికుల కోసం జీవితాలు ధారపోసినవారు ప్రతి దేశ చరిత్రలోనూ ఉన్నారు, వారికి మా నమస్కారం. అయితే చట్టం తయారయ్యేది ఉపన్యాసంలో కాదు. ఉపసంఘాల్లో, సవరణల్లో, 'లేదా', 'అయితే' అనే చిన్న మాటల దగ్గర దాని తలరాత తేలిపోతుంది. ఇరవై మంది లోపు పనివారున్న చోట ఈ సెక్షను వర్తించదు అని ఎవరో ఒక వాక్యం చేరుస్తారు. అలాంటి చోట పనిచేసినవాడు ఆ గదిలో ఒక్కడుంటే, పందొమ్మిది మందిని పుస్తకంలో చూపి మిగిలినవారిని కాంట్రాక్టరు ఖాతాలో రాస్తారని అప్పటికప్పుడే చెబుతాడు. సానుభూతి ఉన్న సంపన్నుడికి అది గుర్తుకు రాదు. అందుకు ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఆ అవసరమే పడలేదు.

ఈ సంగతి కార్మికులకు ఎప్పుడో తెలుసు. 1838లో బ్రిటన్‌లో కార్మికుల రాజకీయ హక్కుల కోసం పోరాడిన చార్టిస్టులు ప్రకటించిన ఆరు కోర్కెల్లో ఓటు హక్కుతో పాటు మరో రెండు ఉన్నాయి. ఒకటి, పార్లమెంటు సభ్యుడు కావాలంటే ఆస్తి ఉండాలన్న నిబంధన తీసేయాలి. రెండోది, సభ్యులకు జీతం ఇవ్వాలి. జీతం లేని పదవిలో కూలివాడు ఒక నెల కూడా నిలవలేడని వారికి అనుభవం నేర్పింది. ఆస్తి నిబంధన 1858లో పోయింది. జీతం 1911 దాకా రాలేదు. ఈ లోగా 1874లో ఇద్దరు గని కార్మికులు, థామస్ బర్ట్, అలెగ్జాండర్ మెక్‌డొనాల్డ్, పార్లమెంటుకు ఎన్నికయ్యారు. బర్ట్ పదేళ్ల వయసులోనే బొగ్గు గనిలోకి దిగినవాడు. ఆయన లండన్‌లో ఉండి సభకు వెళ్లడానికి అయ్యే ఖర్చును నార్తంబర్లాండ్ గని కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి భరించారు. భూమి అడుగున బొగ్గు తవ్వి, వచ్చిన దాంట్లోంచి కొంత తీసి, తమ మాట పలకడానికి ఒక మనిషిని పంపారు. ప్రాతినిధ్యం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు తెలియదు.

జర్మనీలో పరిస్థితి ఇంకా కఠినం. 1871 నాటి రాజ్యాంగం ఆ దేశపు పార్లమెంటు అయిన రీచ్‌స్టాగ్ సభ్యులకు జీతాన్నే నిషేధించింది. శ్రామికుల పార్టీలు సభలో బలపడకూడదన్నది అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ ఉద్దేశం. ఆ నిషేధం 1906 వరకు సాగింది.

అందుకే, రాజకీయ నాయకుల మీద కోపం వచ్చినప్పుడల్లా వినిపించే "వారి జీతాలు ఎత్తేయండి" అన్న డిమాండును మేము సమర్థించలేం. ఆ కోపం మాకు అర్థమవుతుంది, దాన్ని మేమూ పంచుకుంటాం. కానీ జీతం ఎత్తేస్తే సభ నుంచి వెళ్లిపోయేది సంపన్నుడు కాదు. వేరే ఆదాయం లేనివాడు వెళ్లిపోతాడు. చార్టిస్టులు జైళ్లకు వెళ్లి అడిగినదాన్ని మన చేతులతో మనమే వదులుకున్నట్టవుతుంది. నాయకులు ఒక రోజు తలపాగా చుట్టి తట్ట మోసి ఫొటోలు దిగడం కూడా మాకు రుచించదు. సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్లిపోతానని తెలిసినవాడి నెత్తిన తట్టకు బరువుండదు.

మరి ఏం అడగాలి? తమకు ఇచ్చుకున్న భద్రతనే కార్మికుడికీ ఇమ్మని అడగాలి. భారతదేశంలో 2018లో చేసిన చట్టం ప్రకారం పార్లమెంటు సభ్యుల జీతం ధరల సూచికను బట్టి ఐదేళ్లకోసారి దానంతట అదే పెరుగుతుంది. నెలకు లక్ష రూపాయలున్న జీతం ఆ లెక్కన 1,24,000 అయింది. 2025 మార్చిలో ప్రకటించి, 2023 ఏప్రిల్ నుంచి వర్తింపజేశారు. ధరలు పెరిగినప్పుడు జీతం పెరగడం సబబే. జీతం పెంచుకునే అధికారం సభ్యుల చేతిలో కాక సూచిక చేతిలో ఉండడమూ మంచిదే. అదే దేశంలో జాతీయ కనీస వేతన ప్రమాణాన్ని 2017 జూన్‌లో రోజుకు 176 రూపాయలుగా నిర్ణయించారు. దానికి చట్టబద్ధమైన బలం లేకపోయింది, సూచికను బట్టి దానంతట అదే పెరిగే ఏర్పాటూ లేకపోయింది. ఏళ్ల తరబడి అది పెద్దగా కదల్లేదు. ధరలు పెరుగుతాయని, దానికి తగ్గట్టు రాబడీ పెరగాలని తమ విషయంలో చట్టంలోనే రాసుకున్నవారికి ఆ సూత్రం తెలియదని ఎలా అనగలం?

ఎవరి మాటకు విలువ లేదో వారి ప్రాణానికీ విలువ ఉండదని బంగ్లాదేశ్ చూపింది. 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని సావార్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనానికి పగుళ్లు కనిపించాయి. అదే భవనంలో ఒక బ్యాంకు శాఖ ఉంది. తన ఉద్యోగులను అది ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో దుస్తులు కుట్టే కార్మికులను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. రాకపోతే నెల జీతం పోతుందని బెదిరించారు. భవనం ఒకటే, పగుళ్లు ఒకటే. నెల జీతం పోతే ఇల్లు గడవదన్న భయం కొందరిని లోపలికి నడిపించింది. 24న భవనం కూలి 1,134 మంది చనిపోయారు. పై అంతస్తులు అనుమతి లేకుండా కట్టినవి. తనిఖీ చేయాల్సిన యంత్రాంగం కాగితం మీద ఉంది. దేశ పార్లమెంటులో అప్పుడు గార్మెంట్ ఫ్యాక్టరీల యజమానులు పలువురు సభ్యులుగా ఉన్నారు. కార్మికుల సంఘం రిజిస్ట్రేషన్ కొంత సులువయ్యేలా కార్మిక చట్టాన్ని సవరించింది ఆ తర్వాతే, 2013 జులైలో. శవాలు లేచేదాకా ఆగాల్సిన సవరణ కాదది.

మా దృష్టిలో చేయాల్సింది ఇది. కనీస వేతనాన్ని ధరలకు, అదీ కార్మిక కుటుంబం నిజంగా కొనే వస్తువుల ధరలకు, చట్టంలోనే ముడివేయాలి. శాసనసభ్యుల జీతం ఏ తేదీన పెరిగితే అదే తేదీన అదీ పెరగాలి. ఎన్నికల ఖర్చుకు ఉన్న పరిమితులను నిజాయితీగా అమలు చేయాలి. లేకపోతే 1858లో బ్రిటన్ రద్దు చేసిన ఆస్తి నిబంధన వేరే పేరుతో కొనసాగుతున్నట్టే. అన్నింటికన్నా ముఖ్యంగా, పనిచేసుకుని బతికే మనిషి ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా పోటీ చేయగలగాలి. ఇది గాలిలో మేడ కాదు. ఒకప్పుడు సభ్యులకు జీతమే నిషేధించిన జర్మనీ 1949 నాటి ప్రాథమిక చట్టంలోని 48వ అధికరణంలో ఈ హక్కు రాసుకుంది. పార్లమెంటుకు పోటీ చేసేవారికి ప్రచారానికి కావలసిన సెలవు ఇవ్వాలి, ఎన్నికైన కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకూడదు. రెండు వాక్యాల నిబంధన. ఏ దేశమైనా ఒక్క సమావేశంలో ఆమోదించుకోగలిగినది.

చట్టం మారేదాకా పార్టీలు ఆగనక్కర్లేదు. అభ్యర్థుల జాబితాలు అవే తయారుచేస్తాయి, ఎవరి పేరు రాయాలో అవే నిర్ణయిస్తాయి. ఇకపై ఎన్నికలు వచ్చినప్పుడల్లా ప్రతి పార్టీనీ ఈ పత్రిక రాతపూర్వకంగా ఒకటే అడుగుతుంది. మీరు నిలబెట్టినవారిలో గడిచిన ఐదేళ్లలో కూలి మీదనో, చిరు జీతం మీదనో ఇల్లు గడిపినవారు ఎందరు? వచ్చిన జవాబును పార్టీ పేరుతో సహా మొదటి పేజీలో వేస్తాం. జవాబు రాకపోతే ఆ గడిని ఖాళీగానే అచ్చువేస్తాం.