హాంగ్‌జౌ స్వర్ణం వెనక: పాస్‌పోర్టు, క్యాలెండర్, ఆఖరి పది నిమిషాలు

హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్లో, 2023 అక్టోబర్ 4న, చైనా ఒక దశలో 20 పాయింట్లు ముందుంది. ఆడుతున్నది సొంత గడ్డ మీద. ఎదురుగా ఉన్నది కొత్త కోచ్ కింద నెల రోజులు కూడా సాధన చెయ్యని జట్టు. ఆట ముగిసేసరికి స్కోరు ఫిలిప్పీన్స్ 77, చైనా 76. రెండు రోజుల తర్వాత ఫైనల్లో జోర్డాన్‌ను 70-60తో ఓడించి ఫిలిప్పీన్స్ స్వర్ణం అందుకుంది. 1962 జకార్తా తర్వాత, అంటే 61 ఏళ్లకు, ఆ దేశానికి ఈ ఆటలో మళ్లీ బంగారం దక్కింది.

అందరూ అద్భుతం అన్నారు. కాదనలేం. కానీ ఈ పోటీల్లో పతకాలు ఎవరికి పోతాయన్నది చాలావరకు బంతి పైకి లేవకముందే తేలుతుంది. ఎవరి పేరు జాబితాలో ఉంది, ఎవరి పాస్‌పోర్టు చెల్లుతుంది, ఏ లీగ్ ఎప్పుడు మొదలవుతుంది, గ్రూపులో ఒక్క ఓటమి ఎన్ని అదనపు మ్యాచ్‌లు తెచ్చిపెడుతుంది అన్న లెక్కలు చూడకుండా ఆసియా క్రీడల బాస్కెట్‌బాల్‌ను అంచనా వెయ్యడం దండగ.

చరిత్ర చూడండి. 1951లో న్యూఢిల్లీలో మొదలైన నాటి నుంచి హాంగ్‌జౌ దాకా 19 సార్లు స్వర్ణం ఇచ్చారు. చైనాకు 8, ఫిలిప్పీన్స్‌కు 5, దక్షిణ కొరియాకు 4, ఇజ్రాయెల్‌కు 2. అంతే, ఐదో దేశం లేదు. ఇజ్రాయెల్ 1974 టెహ్రాన్ తర్వాత ఈ క్రీడల్లోకి రాలేదు కాబట్టి లెక్కలో మిగిలేది మూడే. జపాన్‌కు, ఇరాన్‌కు ఒక్కటీ లేదు. ఫిలిప్పీన్స్ తొలి నాలుగూ వరుసగా గెలిచింది. ఆ నాలుగు జట్లలోనూ ఉన్న కార్లోస్ లోయ్‌జాగా పేరు అక్కడ తెలియనివాళ్లుండరు.

ఇన్నేళ్లుగా పట్టు ఇంత తక్కువమంది చేతిలో ఉన్నా, బరిలో దిగే జట్లు మాత్రం ప్రతిసారీ ఆ దేశాల అసలు బలం కావు. ఆసియా క్రీడలు ఆసియా ఒలింపిక్ మండలివి, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబావి కావు. ఇక్కడ గెలిస్తే ప్రపంచకప్ బెర్తు రాదు, ఒలింపిక్ బెర్తూ రాదు. ఫీబా ఆసియా కప్‌లో ఆడే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇక్కడ ఉండవు. 2025 ఆగస్టులో జెడ్డాలో ఆసియా కప్ ఫైనల్లో చైనాను 90-89తో ఓడించింది ఆస్ట్రేలియానే. ఆ అడ్డు లేకపోవడం చైనాకు ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

రెండో వైపు చిక్కు కూడా ఉంది. ఒలింపిక్స్‌కు, ప్రపంచకప్‌కు వదిలినట్టు ఆసియా క్రీడలకు అమెరికా లీగ్ ఎన్‌బీఏ తన ఆటగాళ్లను వదలాల్సిన ఒప్పందం లేదు. 2018లో పోటీలు ఆగస్టులో పడ్డాయి, సీజన్ ఇంకా మొదలవలేదు. అందుకే ఎన్‌బీఏ ప్రత్యేక మినహాయింపు ఇచ్చి ఫిలిప్పీన్స్ తరఫున జోర్డన్ క్లార్క్‌సన్‌ను, చైనా తరఫున జౌ ఛీని, డింగ్ యాన్‌యూహాంగ్‌ను ఆడనిచ్చింది. హాంగ్‌జౌలో బాస్కెట్‌బాల్ సెప్టెంబర్ ఆఖరున మొదలై అక్టోబర్ 6న ముగిసింది. అది సరిగ్గా ఎన్‌బీఏ శిక్షణ శిబిరాలు తెరిచే వారం. నెల కిందటే ప్రపంచకప్‌లో చైనాకు ఆడిన కైల్ ఆండర్సన్ హాంగ్‌జౌలో కనిపించలేదు. ప్రపంచకప్‌లో ఆసియా జట్లన్నిటికన్నా మెరుగ్గా ఆడి పారిస్ ఒలింపిక్ బెర్తు పట్టిన జపాన్ అయితే ఏకంగా రెండో శ్రేణి జట్టును పంపింది. 2026 ఐచి-నగోయా క్రీడలకు ఖరారు చేసిన తేదీలు సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4. ఆతిథ్య దేశమైన జపాన్‌కే అదే తలనొప్పి.

ఇక పాస్‌పోర్టు సంగతి. ఫీబా నియమం ప్రకారం 16 ఏళ్లు దాటాక ఒక దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ దేశ జట్టులోని 12 మందిలో ఒక్కరే ఉండాలి. ప్రపంచకప్‌లో ఫిలిప్పీన్స్‌కు ఆ ఒక్కరు క్లార్క్‌సన్. హాంగ్‌జౌలో ఆ పరిమితి లేదు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉంటే చాలు. దాంతో 2023 జనవరిలో ఫిలిప్పీన్స్ పౌరుడైన జస్టిన్ బ్రౌన్లీ, అంతకుముందే పౌరసత్వం పొందిన ఆంజ్ క్వామే ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. ఫీబా పోటీ అయితే ఒకరు గ్యాలరీలో కూర్చోవాల్సిందే. బ్రౌన్లీ బంతి పట్టుకుని ఆటను నడిపే వింగ్ ఆటగాడు, క్వామే బుట్ట దగ్గర కాపలా కాసే పొడగరి. రెండు వేర్వేరు అవసరాలకు ఇద్దరు దొరికారన్నమాట.

ఇదే ఆసియా క్రీడలు 2014లో ఫిలిప్పీన్స్‌కు ఎదురుతిరిగాయి. అప్పటికే ప్రపంచకప్‌లో ఫిలిప్పీన్స్‌కు ఆడిన ఆండ్రే బ్లాచ్‌ను ఇంచియాన్‌కు తీసుకెళ్లాలనుకుంటే, మూడేళ్ల నివాస నిబంధన తీరలేదని నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఆయన బదులు మార్కస్ డౌథిట్ వెళ్లాడు. అక్కడే ఒక విడ్డూరం జరిగింది. ముందుకు వెళ్లాలంటే కజకిస్తాన్ మీద 11 పాయింట్ల తేడాతో గెలవాలి. ఆఖరి క్షణాలకు ఫిలిప్పీన్స్ ఆధిక్యం రెండు పాయింట్లే. గెలిచినా ఇంటికే. అందుకని డౌథిట్ కావాలనే సొంత బుట్టలో బంతి వేశాడు. స్కోరు సమమైతే 5 నిమిషాల అదనపు సమయం దొరుకుతుంది, అందులో 11 తేడా సాధించవచ్చని ఆశ. కానీ నియమావళి దీనికి దారి మూసేసింది. పొరపాటున సొంత బుట్టలో పడితే పాయింట్లు అవతలివాళ్లకు చెల్లుతాయి గానీ, కావాలని వేస్తే అది వయొలేషన్ (నియమ ఉల్లంఘన), పాయింట్లు లెక్కలోకి రావు. మ్యాచ్ 67-65తో గెలిచి ఫిలిప్పీన్స్ టోర్నీ నుంచి బయటపడింది. పాయింట్ల తేడాతో జట్లను వడకట్టే పోటీలో, గ్రూపు తొలి మ్యాచ్ మూడో క్వార్టర్‌లో వదిలేసిన ఫ్రీ త్రో కూడా చివర్న ముల్లులా గుచ్చుకుంటుంది.

హాంగ్‌జౌలోనూ కాగితాల గోల తప్పలేదు. నెలల ముందు పంపిన పెద్ద జాబితాలో పేర్లు లేవని ఫిలిప్పీన్స్ ఎంచుకున్న వాళ్లలో నలుగురిని నిర్వాహకులు తోసిపుచ్చారు. పోటీల ముంగిట కొత్తవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. జాతీయ సమాఖ్యలు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. తుది 12 మంది పేర్లు ఆఖరున ఇచ్చినా, అవి మొదటి జాబితా లోంచే రావాలి. ఆ మొదటి జాబితాలో ఎన్ని పేర్లకు చోటుంటే అన్నీ నింపడమే తెలివి. గాయాలు, క్లబ్బుల పేచీలు ఎటూ ఉంటాయి.

మరి ఇంత గందరగోళంలో ఆ జట్టు ఎలా నిలబడింది? ప్రపంచకప్ తర్వాత చోట్ రేయెస్ తప్పుకోగా కోచ్ బాధ్యత టిమ్ కోన్‌కు వచ్చింది. ఆయన ఫిలిప్పీన్స్ లీగ్‌లో బరంగాయ్ జినెబ్రా కోచ్. బ్రౌన్లీ 2016 నుంచి అదే క్లబ్బులో విదేశీ ఆటగాడు. స్కాటీ థాంప్సన్, జాపెత్ అగిలార్ అక్కడివాళ్లే. కొత్త ఎత్తుగడలు నేర్పే వ్యవధి లేనప్పుడు, ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో ఆడినవాళ్లను నడిమధ్యన పెట్టి మిగతావాళ్లను చుట్టూ సర్దడం కన్నా మేలైన దారి లేదు. పేరున్న పన్నెండు మందిని ఏరి తెచ్చి రెండు వారాల శిబిరం పెట్టే దేశాలు, మనతో సహా, ఈ పాఠం నేర్చుకోవడం లేదు.

టోర్నీ అమరిక కూడా చూడాలి. 16 జట్లు, నాలుగు గ్రూపులు. గ్రూపులో మొదటి జట్టు నేరుగా క్వార్టర్‌ఫైనల్‌కు పోతుంది, రెండు, మూడు స్థానాల జట్లు మధ్యలో ఒక అదనపు మ్యాచ్ ఆడాలి. జపాన్ రెండో శ్రేణి జట్టు చేతిలో 77-83తో ఓడిన కొరియాకు ఆ శిక్ష పడింది. బహ్రెయిన్‌తో అదనపు మ్యాచ్ ఆడిన మర్నాడే చైనాతో తలపడి 70-84తో ఓడింది. చివరికి దక్కింది ఏడో స్థానం. స్వర్ణం గెలిస్తే ఏడాదిన్నర సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికే దేశం అది. ఆ తాయిలం కూడా కాళ్ల అలసటను తీర్చలేదు.

ఫిలిప్పీన్స్‌కూ అదే గతి పట్టింది. గ్రూపులో జోర్డాన్ చేతిలో 62-87తో చిత్తయి రెండో స్థానంలో నిలిచింది. అక్టోబర్ 2న ఖతార్, 3న ఇరాన్, 4న చైనా. మూడు రోజుల్లో మూడు నాకౌట్లు. ఇరాన్ మీద 20కి పైగా ఆధిక్యాన్ని చేజార్చుకుని 84-83తో గట్టెక్కింది. మర్నాడు అంతే లోటును తానే పూడ్చింది.

ఇంత పెద్ద ఆధిక్యాలు ఎందుకు కరిగిపోతాయి? ఫీబా ఆట 40 నిమిషాలు. ఒక్కో జట్టుకు సుమారు 70 నుంచి 75 పొజెషన్లు, అంటే బంతి చేతికొచ్చి దాడి చేసే అవకాశాలు, వస్తాయనుకుందాం. మూడో క్వార్టర్ మధ్యలో 20 పాయింట్లు ముందున్న జట్టుకు ఇంకా 25కి పైగా పొజెషన్లు మిగిలే ఉంటాయి. సాధారణంగా ఒక్కో పొజెషన్‌కు ఒక పాయింటు అటూఇటుగా వస్తుంది. ముందున్న జట్టు గడియారం తినెయ్యాలని, షాట్ వెయ్యడానికి ఉండే 24 సెకన్లలో 16 సెకన్లు బంతిని పక్కలకు పంపుతూ గడిపేస్తుంది. మిగిలిన 8 సెకన్లలో దొరికేది చేతులడ్డం పెట్టిన షాటే. ఆ ఒక్క పాయింటు 0.6కు పడిపోతే 25 పొజెషన్లకు 15 పాయింట్లు. వెనకున్న జట్టు మూడు పాయింట్ల షాట్లతో, ఫ్రీ త్రోలతో 1.4 చొప్పున రాబడితే 35. ఇరవయ్యీ మాయం. పైగా క్వార్టర్‌లో నాలుగు జట్టు ఫౌళ్లు దాటితే డిఫెన్స్ చేసే ప్రతి ఫౌల్‌కూ రెండు ఫ్రీ త్రోలు, అంటే గడియారం ఆగి ఉండగానే పాయింట్లు.

చైనా మీద జరిగింది ఈ కోవదే. బ్రౌన్లీ చేసిన 33లో 17 ఆఖరి క్వార్టర్‌లోనివి. ఆఖరి ఘడియల్లో వరుసగా రెండుసార్లు మూడు పాయింట్ల షాట్ వేసి జట్టును ఒక పాయింటు ముందు నిలిపాడు. వయసు 35, అది మూడు రోజుల్లో మూడో మ్యాచ్. ఆ షాట్లు పడకపోతే ఇదంతా ఎవరూ రాయరు. ఆ మాటా ఒప్పుకోవాలి.

కానీ స్వర్ణం తెచ్చింది షాట్లు ఒక్కటే కాదు. జోర్డాన్‌తో రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. సెప్టెంబర్ 30న 62-87, అక్టోబర్ 6న 70-60. పాతిక లోటు నుంచి పది ఆధిక్యానికి, మొత్తం 35 పాయింట్ల మార్పు. ఇందులో ఫిలిప్పీన్స్ ఎక్కువగా చేసినవి 8 మాత్రమే. మిగతా 27 జోర్డాన్‌ను చెయ్యనివ్వనివి. ఆరు రోజుల్లో అటాక్ మారదు, డిఫెన్స్ మారుతుంది. ఎవరిని ఎటు నెట్టాలి, జోర్డాన్ ఆటగాడు రోండే హాలిస్-జెఫర్సన్ లోపలికి దూసుకొస్తే రెండో మనిషి ఎక్కణ్నుంచి సాయం రావాలి వంటివి ఒక వీడియో సమావేశంలో, ఒక సాధనలో సర్దుకోగలిగినవి.

పతకం తర్వాత మరో మలుపు. బ్రౌన్లీ నమూనాలో గంజాయికి సంబంధించిన పదార్థం దొరికింది. ఫీబా మూడు నెలల నిషేధం విధించింది. పతకం మాత్రం పోలేదు. జట్టు క్రీడల్లో ఇద్దరికి మించి ఆటగాళ్లు దొరికితేనే జట్టుకు శిక్ష అన్నది డోపింగ్ నిరోధక నియమం.

ఇందులో మనం ఎక్కడున్నాం? హాంగ్‌జౌలో జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే (5×5) పురుషుల పోటీలో భారత్ లేనే లేదు. జట్టు క్రీడలైతే ఆసియాలో మొదటి ఎనిమిది ర్యాంకుల్లో ఉండాలని క్రీడా మంత్రిత్వ శాఖ గీత గీసింది, పురుషుల జట్టు ఆ గీత దాటలేదు. 1980లో మాస్కో ఒలింపిక్స్ ఆడిన దేశం మనది. 2025 ఆగస్టు ఆసియా కప్‌లో అదే జోర్డాన్‌తో అదనపు సమయం దాకా పోరాడి 84-91తో ఓడాం. తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఏమీ కాదు. ముందుండగా గడియారాన్ని వాడుకోవడం, ఒత్తిడిలో బంతి ఎవరి చేతిలో ఉండాలో తెలియడం దగ్గర మనం జారిపోతున్నాం. ఆ పని చేసే బ్రౌన్లీ, హాలిస్-జెఫర్సన్ లాంటివాళ్లను వాళ్లు బయటి నుంచి తెచ్చుకున్నారు.

మనకు ఆ దారి లేదు. జంట పౌరసత్వం లేదు, విదేశాల్లోని భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుతో భారత్‌కు ఆడనివ్వరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హైస్కూల్ జట్టులో ఆడే తెలుగు కుర్రాడు రావాలంటే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. పౌరసత్వ చట్టం ప్రకారం ఓసీఐగా ఐదేళ్లు నిండి ఉండాలి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసించాలి. అది తీరినా 16 దాటాక తీసుకున్న పౌరసత్వం కాబట్టి ఫీబా లెక్కలో ఆ ఒక్క కోటా కిందికే రావచ్చు. 20 ఏళ్ల కుర్రాడు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ వదిలి ఏడాది ఇక్కడ ఎక్కడ ఆడుతూ కూర్చుంటాడు? ఫిలిప్పీన్స్‌కు 1975 నుంచి, చైనాకు 1995 నుంచి, కొరియాకు 1997 నుంచి ప్రొఫెషనల్ లీగులున్నాయి. ఆ స్థాయిలో ఏటా నెలల తరబడి సాగే 5×5 లీగ్ మనకు నిలదొక్కుకోలేదు. 2030 దోహా క్రీడలకు అలాంటి ఆటగాడు కావాలనుకుంటే ఆ 12 నెలల నివాసం ఏ క్లబ్బులో, ఎవరి జీతం మీద గడుస్తుందో సమాఖ్య ఇప్పుడే తేల్చాలి.