కంచెలో కంత ఒక్కటే చాలదు

తోట కంచె అడుగున పొడవూ వెడల్పూ 13 సెంటీమీటర్లుండే ఒక కంత. బ్రిటన్‌లో హెడ్జ్‌హాగ్‌లను నిలబెట్టుకోవడానికి జనం చేస్తున్న ప్రయత్నానికి అదే గుర్తు. ఏదుపందికన్నా ఎంతో చిన్నదైన ఈ ముళ్ల జంతువు పురుగులు, గొంగళి పురుగులు, వానపాములు వెతుక్కుంటూ ఒక్క రాత్రిలో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరుగుతుంది. ఎవరి తోటకు వారు గట్టి కంచె బిగించుకుంటే దానికి తిండీ దొరకదు, జతా దొరకదు. అందుకే పీపుల్స్ ట్రస్ట్ ఫర్ ఎండేంజర్డ్ స్పీసీస్, బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీ అనే రెండు సంరక్షణ సంస్థలు కలిసి 2011లో ‘హెడ్జ్‌హాగ్ స్ట్రీట్’ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఒక్క తోటలో కంత పెడితే లాభం లేదు, పక్కింటివాళ్లనూ ఒప్పించాలి. ఈ కార్యక్రమం బలమంతా అక్కడే ఉందని మా అభిప్రాయం.

జనం తమ వంతు చేశారు. అయినా హెడ్జ్‌హాగ్ కష్టాలు తీరలేదు. 2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్ట్ దీన్ని ముప్పున్న జీవుల్లో చేర్చింది. ఈ రెండు సంస్థలే 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం పట్టణాల్లో దీని సంఖ్య నిలకడగా ఉంది, కొన్నిచోట్ల కోలుకుంటున్న సూచనలూ ఉన్నాయి. పల్లెల్లో మాత్రం 2000 నుంచి ప్రాంతాన్ని బట్టి 30 నుంచి 75 శాతం దాకా పడిపోయింది. పట్టణాల్లో ఇది నిలదొక్కుకోవడానికి కంతలే కారణమని తేల్చేయడం తొందరపాటు. కానీ అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో ఈ అంకెలే చెబుతున్నాయి. తోటల్లో కాదు, పొలాల్లో.

ఈ మాటైనా నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే అది లెక్క పెట్టినవాళ్ల పుణ్యమే. 1950లలో బ్రిటన్‌లో 3 కోట్ల హెడ్జ్‌హాగ్‌లు ఉండేవని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. అది దాదాపు కాకిలెక్కే. 2018లో నిపుణులు వేసిన అంచనా సుమారు 8.79 లక్షలు. అందులోనూ అనిశ్చితి ఉంది. రాత్రిపూట తిరిగి, చలికాలమంతా నిద్రపోయే జంతువును లెక్కపెట్టడం శాస్త్రవేత్తలు తమంతట తాము చేయగలిగిన పని కాదు. 2001 నుంచి వాహనదారులు రోడ్ల మీద కనిపించిన జంతువుల వివరాలు పంపుతున్నారు. ఇళ్లవాళ్లు తాము చూసిన హెడ్జ్‌హాగ్‌లను మ్యాపులో గుర్తిస్తున్నారు. మరికొందరు బొగ్గుపొడి, నూనె కలిపి పూసిన సొరంగాల్లో తిండి పెట్టి, లోపలి కాగితం మీద పడే అడుగుజాడలు చూస్తున్నారు.

ఇలాంటి సమాచారంలో ఒక లోపం ఉంది. జనం ఎక్కువున్నచోట కబురూ ఎక్కువే వస్తుంది. కబురు రాలేదు కదా అని అక్కడ జంతువే లేదనుకోలేం. 2024లో మొదలైన జాతీయ పర్యవేక్షణ కార్యక్రమం ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం. ఎంచుకున్న చోట్ల కెమెరాలు పెడతారు, వచ్చిన ఫొటోలను వలంటీర్లు ఇంట్లో కూర్చుని గుర్తుపడతారు.

డెన్మార్క్ అనుభవం ఇంకా గొప్పది. చచ్చిపోయిన హెడ్జ్‌హాగ్‌లు కనిపిస్తే పంపమని 2016లో పరిశోధకులు జనాన్ని అడిగితే 697 కళేబరాలు చేరాయి. చలికాలం నిద్రలో ఎదుగుదల మందగిస్తుంది కనుక దవడ ఎముకలో గీతలు పడతాయి. చెట్టు మొద్దులో వలయాలు లెక్కించినట్టు వాటిని లెక్కించి వయసు తేల్చారు. వాటిలో ఒకటి 16 ఏళ్లు బతికింది. సగటున చూస్తే రెండేళ్లే. సగానికి పైగా రోడ్లు దాటుతూ చచ్చినవి. అంటే బతకనిస్తే చాలాకాలం బతికే జీవిని మన చక్రాలే తొక్కేస్తున్నాయి.

ఇళ్లవాళ్లకు చెప్పాల్సినవి కొద్దిగానే ఉన్నాయి, అవీ చాలామందికి తెలిసినవే. పాలు పోయొద్దు, దానికి అరగవు. పుణ్యానికి పోతే పాపం ఎదురవుతుంది. నీళ్లు, మాంసంతో చేసిన పిల్లి తిండి పెట్టొచ్చు. ఆకుల కుప్పకు నిప్పు పెట్టేముందు లోపల ఏదైనా నిద్రపోతోందేమో చూడాలి. గడ్డి కోసే రోబోలను రాత్రి నడపొద్దు. ఈ చివరిదాన్ని ఇంటివాళ్ల మంచితనానికి వదలకుండా జర్మనీలోని కొలోన్ నగరం 2024లో నిషేధమే పెట్టింది. మేం కోరేది ఇలాంటి చొరవే.

బ్రిటన్ ప్రభుత్వాలు జనం ఉత్సాహాన్ని మెచ్చుకుని సరిపెట్టుకుంటున్నాయి. 1981 నాటి వన్యప్రాణి చట్టం హెడ్జ్‌హాగ్‌ను కొన్ని పద్ధతుల్లో చంపడాన్ని, పట్టడాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. అది బతికే పొదను కొట్టేస్తే అడగదు. కొత్త ఇళ్ల కంచెల్లో కంతలు తప్పనిసరి చేయాలని పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాల మధ్య పొదల కంచెలు దాదాపు సగం పోయాయి. వాటిని పెంచే రైతుకు డబ్బిచ్చే ఇంగ్లండ్ పథకం కొత్త దరఖాస్తులను 2025 మార్చిలో ఉన్నట్టుండి ఆపేశారు. ఏడాదికో రూలు మారితే ఏ రైతు పొదలు నాటుతాడు? పొద దట్టంగా ఎదగడానికే ఏళ్లు పడుతుంది.

కెమెరాల కార్యక్రమం మూడేళ్ల ప్రయోగంగా మొదలైంది. సంఖ్య పెరుగుతోందో తగ్గుతోందో చెప్పడానికి మూడేళ్లు చాలవు. ఆ తర్వాత దానికి డబ్బు ఎవరిస్తారో, ఎన్నేళ్లు ఇస్తారో ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి.