వెబ్ ఫీడ్ గారికి ఒక ఫిర్యాదు

వెబ్ ఫీడ్ గారికి,

నమస్కారం. మీకు లోకజ్ఞానం బొత్తిగా లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోరంలో ఎవరైనా కొత్త పోస్టు పెడితే దాని శీర్షిక, లింకు, పెట్టిన సమయం పట్టుకొచ్చి, ఫీడ్లన్నీ ఒకచోట చూపించే రీడర్ అనే యాప్‌లో పడేస్తారు. బాగానే ఉంది. ఆ తర్వాత? ఏమీ చెయ్యరు! "ఇది చదివినవాళ్లు ఇది కూడా చదివారు" అనరు. ఎప్పుడో చల్లారిన గొడవను తవ్వి తీసి నా ముందు పెట్టరు. ఏ పోస్టు చూస్తే నా బీపీ పెరుగుతుందో కనిపెట్టి, దాన్నే పైకి తేవాలన్న కనీస వ్యాపారబుద్ధి కూడా లేదు. వచ్చిన వరసలో పేర్చి ఊరుకుంటారు. పైగా చదవాల్సినవి అయిపోతే, అయిపోయాయని చూపించేస్తారు. జాబితాకు అడుగు కనబడగానే నాకెంత కంగారో తెలుసా? మిగతా సాయంత్రమంతా నేనేం చేసుకోవాలి?

మీ వెనకున్న సర్వర్ అయినా తెలివైనదా అంటే అదీ లేదు. కొత్తగా ఏమైనా వచ్చిందా అని రీడర్ వెళ్లి అడిగితే, ఏమీ లేనప్పుడు "304" అని ఒక్క సంఖ్య చెప్పి పంపేస్తుంది. మార్పేమీ లేదని దానర్థం. ఏమీ లేనప్పుడు లేదని ఒప్పుకుంటే ఇంటర్నెట్‌లో బతికి బట్టకట్టేదెలా? యాప్‌లను చూసి నేర్చుకోండి. చెప్పడానికేమీ లేకపోతే, ముక్కూ మొహం తెలియని మనిషి పుట్టినరోజైనా గుర్తు చేస్తాయి.

మీ ఇంటి సంగతులూ విన్నాను. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో ఆర్ఎస్ఎస్ పేరుతో పుట్టారు. రెండేళ్లు తిరక్కుండానే పాలివాళ్ల తగాదా! 2000 డిసెంబరులో ఒక వర్గం ఆర్ఎస్ఎస్ 1.0 తెచ్చింది. 2002లో 2.0 వచ్చింది కదా, దాని వారసుడేమో అనుకుంటాం. కాదట. అది పాత 0.9 వెర్షన్ల వైపు వాళ్లదట. ఈ తగువు తేలేలా లేదని ఇంకొందరు ఆటమ్ పేరుతో మూడో కుంపటి పెట్టి, 2005లో దాన్ని ప్రమాణంగా రాయించుకున్నారు. పాపం రీడర్లు మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా అందరి ఫీడ్లూ చదువుతున్నాయి.

2013 జులైలో గూగుల్ రీడర్ మూతపడ్డప్పుడు మీ పని అయిపోయిందన్నారు. 2018లో ఫైర్‌ఫాక్స్ కూడా తనలోని ఫీడ్ రీడర్‌ను తీసేసింది. అయినా మీకు పౌరుషం రాలేదు. పాడ్‌కాస్టుల కొత్త ఎపిసోడ్లు ఇప్పటికీ మీ భుజాల మీదే ఊరేగుతున్నాయి, మీ పేరు ఎక్కడా వినబడదు. నేనైతే ప్రతి ఎపిసోడ్ మొదట్లో నా పేరు చెప్పించుకునేవాణ్ణి.

మీలో నిజమైన లోపాలూ ఉన్నాయి లెండి, అన్నీ పొగడ్తలే అనుకోకండి. చాలా ఫోరాల ఫీడ్‌లో చివరి కొన్ని పోస్టులే ఉంటాయి. హడావిడిగా ఉండే ఫోరమైతే, నేను రెండ్రోజులు రీడర్ తెరవకపోతే మధ్యలోవి జారిపోతాయి. కొన్నిచోట్ల ఎవరో కామా సరిచేసుకున్నా అది కొత్త పోస్టు వేషంలో మళ్లీ దిగుతుంది. ఫోరం మొత్తానికి చందాదారుగా చేరితే వరద. చదవనివి ఇన్ని అని పక్కన బొద్దుగా ఒక సంఖ్య, అప్పులవాడిలా చూస్తూ.

అందుకే నాకు కావాల్సిన ఒక్క చర్చ ఫీడ్ మాత్రమే పెట్టుకున్నాను. ప్రింటర్ కాగితాన్ని నమిలేస్తోందని ఎవరో అడిగిన ప్రశ్న అది. నా ప్రింటర్‌దీ అదే జబ్బు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ మీరు ఎంతో బాధ్యతగా కొత్త సమాధానం తెచ్చారు. ఆత్రంగా తెరిచాను.

"నాకూ ఇదే సమస్య. మీకేమైనా పరిష్కారం దొరికిందా?"

ఇట్లు,
మీ చందాదారు