టపా గుమాస్తా థలామస్ గారికి నలుగురి మహజరు

మహారాజశ్రీ థలామస్ గారి సమక్షమునకు,

మెదడు నడిబొడ్డున, మూడో జఠరిక అనే ద్రవపు గదికి అటొకటి ఇటొకటిగా, మూడేసి సెంటీమీటర్ల గుడ్ల ఆకారంలో కొలువైన తమరికి, పంచేంద్రియాల్లో నలుగురం కలిసి రాసుకునే మహజరు.

పుస్తకాలు తమర్ని ఉత్త టపా గుమాస్తా అంటాయి. కాగితం అందుకోవడం, ముద్ర గుద్దడం, పై అంతస్తులోని కార్టెక్స్‌కి, అంటే మెదడు పైపొరకి, పంపడం. మేమూ నమ్మాం. తీరా తమరి దృష్టి విభాగం, అదే పార్శ్వ జెనిక్యులేట్ కేంద్రకం అనే నాడీకణాల గుంపు, బల్ల మీద చూస్తే ఏముంది? పైకి పంపే కణాల మీదికొచ్చే సినాప్సుల్లో, అంటే కణానికీ కణానికీ మధ్య అతుకుల్లో, రెటీనావి (కంటి లోపలి తెరవి) పదో వంతుకి మించవు. మిగతావన్నీ కార్టెక్స్ నుంచి, మెదడు కాండం నుంచి, పక్కబల్ల మీద అడ్డుచెప్పే నాడీకణాల నుంచి వచ్చిన చిట్టీలే. అర్జీలో విషయం కంటిదే, కాదనం. అది కదలాలా వద్దా అన్నది మాత్రం ఆ చిట్టీల దయ.

ఇక తమరి చుట్టూ పొరలా కాపలా కాసే రెటిక్యులర్ కేంద్రకం. కార్టెక్స్‌కి ఒక్క ముక్క రాయదు. చేతిలో ఉన్నదల్లా గాబా అనే లాఠీ (నాడీకణాల నోరు నొక్కే రసాయనం), అదీ తమరి మీదే. నిద్రవేళ ఆ లాఠీ తిరుగుతుంది, తమరి కణాల వోల్టేజి దిగుతుంది, కణం గోడలోని టి-రకం కాల్షియం ద్వారాలు సిద్ధమౌతాయి, సెకనుకి 11 నుంచి 16 సార్లు ఊగే స్పిండిళ్లు అనే నిద్ర తరంగాలు మొదలు. బయట మేం ఎంత మొత్తుకున్నా తలుపు తియ్యరు. గ్రీకులో తమరి పేరుకి పడకగది అని కూడా అర్థమట. సార్థకనామధేయులు!

అలాంటి ఊపే పట్టపగలు, ఎక్కం అప్పజెబుతున్న పిల్లకి వస్తే? తమరూ కార్టెక్సూ కలిసి సెకనుకి 3 సార్ల చొప్పున ఊగుతారు. పిల్ల పది సెకన్లు రెప్పలాడిస్తూ శూన్యంలోకి చూస్తుంది. పరధ్యానమని మాస్టారు మొట్టికాయ వేస్తారు. అది ఆబ్సెన్స్ మూర్ఛ అనీ, ఇథోసక్సిమైడ్ మందు ఉందనీ ఆయనకి ఎవరు చెప్పాలి?

తమరికి దెబ్బ తగిలినా శిక్ష మాకే. చర్మం ఫైళ్లు చూసే గదికి రక్తమిచ్చే సన్నని నాళం పూడితే ఎదుటి వైపు సగం ఒళ్లు మొద్దుబారుతుంది. పోనీలే అనుకుంటే, కొందరికి వారాలకో నెలలకో అదే చోట మంట. పంచె అంచు తగిలినా నిప్పు పెట్టినట్టే. 1906లోనే డెజెరీన్, రూసీ అనే వైద్యులు ఈ బాధని వర్ణించారు. మామూలు నొప్పి మాత్రలు దీన్ని కదిలించలేవు. చర్మానికేమో చిన్న గీత కూడా పడి ఉండదు.

ఇవన్నీ భరిస్తాం. కడుపుమంటల్లా ఆ ముక్కు మీదే. పక్కింటి ఇంగువ పోపు తమరి ముద్ర లేకుండానే కార్టెక్స్‌కి చేరిపోతుంది. తర్వాతెప్పుడో తీరిగ్గా తమరి మీడియోడార్సల్ కేంద్రకం అనే గదిలో తమర్ని పలకరిస్తుందట, అదీ మర్యాదకి. మేం మాత్రం వరసలో నిలబడాలి.

ఇట్లు,
కన్ను, చెవి, నాలుక, చర్మం

(ముక్కు సంతకం పెట్టలేదు. తమరితో ఆయనకి పనేముంది గనక!)