గ్రంథాలయంలో గుమ్మడి తీగ: ఒక సభ్యుడి తీవ్ర అభ్యంతరం

గ్రంథాలయం అన్నాక దుమ్ము ఉండాలి, మట్టి ఉండకూడదు. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ల చేతుల్లోకి మా లైబ్రరీ వెళ్లిపోయిందని చెప్పడానికి ఎంతో చింతిస్తున్నాను. దుమ్మంటే పుస్తకాల మీద మనకున్న గౌరవం, వాటిని ఎవరూ ముట్టుకోలేదనడానికి రుజువు. మట్టి అలా కాదు. నాలుగు రోజులు ఏమరుపాటుగా ఉంటే అందులో ఏదో ఒకటి మొలిచేస్తుంది.

పాత కార్డు క్యాటలాగ్ బీరువా ఒకటి మూలన పడి ఉండేది. కంప్యూటర్ వచ్చాక దాన్ని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. ఓ రోజు వెళ్లి చూద్దును కదా, సొరుగుల నిండా చిన్న చిన్న కాగితం పొట్లాలు! 'చ' సొరుగు లాగితే చరిత్ర పోయి చిక్కుడు వచ్చింది. పొట్లం మీద ఎవరో పెన్సిల్‌తో రాశారు: "తీగ చిక్కుడు. పోయినేడాది కోసినవి. నీడలో వేయకండి, అలుగుతుంది." సంతకం లేదు, స్టాంపు లేదు. పైగా అలుగుతుందట!

"ఏంటమ్మా ఇదంతా?" అని లైబ్రేరియన్‌ని అడిగాను.

"విత్తనాల లైబ్రరీ అండీ. తీసుకెళ్లి వేసుకోండి. కాపు అయ్యాక కాసిని గింజలు తెచ్చి మళ్లీ ఇక్కడ పెట్టండి."

"ఎన్ని రోజుల్లో తేవాలి?"

"కాయ ముదిరి, తీగ మీదే ఎండాక."

"ఆలస్యమైతే జరిమానా ఎంత?"

"వాన పడకపోతే మీరు మాత్రం ఏం చేస్తారండీ?"

30 ఏళ్లుగా సభ్యుణ్ణి. పుస్తకం ఒక్క రోజు ఆలస్యమైతే నా వంక దొంగను చూసినట్టు చూసే కౌంటర్ అది. అదే కౌంటర్ ఇప్పుడు వానను కూడా లెక్కలోకి తీసుకుంటోంది.

అసలు ఇందులో సిద్ధాంతపరమైన చిక్కు ఒకటుంది. పుస్తకం ఇస్తే అదే పుస్తకం తిరిగి రావాలి, కాస్త నలిగైనా సరే. విత్తనం తిరిగి రాదు, దాని పిల్లలొస్తాయి. నాలుగు గింజలు పట్టుకెళ్లినవాడు గుప్పెడు తెస్తాడు. తీసుకున్నదానికంటే ఎక్కువ తెచ్చి ఇచ్చేవాణ్ణి ఏ రిజిస్టర్లో రాయాలి? అలాంటివాళ్ల కోసం మన దగ్గర కాలమ్ కూడా లేదే!

పోనీ, వచ్చింది అదే రకం అని గ్యారంటీ ఉందా? టమాటా, చిక్కుడు, బఠాణీలు పరువుగల కుటుంబాలు. చాలావరకు తమ పువ్వులో తామే పరాగ సంపర్కం కానిచ్చుకుంటాయి కాబట్టి తల్లి ఎలాగో పిల్లా అలాగే ఉంటుంది. గుమ్మడి దగ్గర ఆ నమ్మకం పెట్టుకోలేం. తేనెటీగ ఏ పెరట్లోంచి ఏం మోసుకొచ్చిందో ఈ ఏడు కాయను చూస్తే తెలీదు. దాని గింజ వచ్చే ఏడు వేసి, అది కాశాక బయటపడుతుంది. హైబ్రిడ్ గింజలైతే అసలు తేవద్దని బోర్డే పెట్టారు, వాటి సంతానం తల్లిని పోలదని. పుస్తకాలకు ఈ టెన్షన్ లేదు. రెండు నవలల్ని పక్కపక్కన పెడితే మూడోది పుట్టిన దాఖలా లేదు (కొందరు రచయితల విషయం వేరు).

ఓపికలో కూడా పుస్తకమే మేలు. ఉల్లి గింజ ఏడాది, రెండేళ్లు దాటితే మొలకెత్తే సత్తువ తగ్గిపోతుంది. టమాటా బాగా దాస్తే నాలుగైదేళ్లు ఆగుతుంది. మా రెండో బీరువాలో పై అరలో ఉన్న సంపుటాలు ఎప్పట్నుంచి ఆగుతున్నాయో నాకు తెలుసు.

ఈ జాడ్యం మాతోనే మొదలైందని అనను. అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పబ్లిక్ లైబ్రరీ 1979లోనే సుత్తులు, రంపాలు అరువివ్వడం మొదలెట్టింది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న రిచ్‌మండ్ లైబ్రరీలో 2010లో విత్తనాల సొరుగులు వెలిశాయి. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన మూల విలువల జాబితాలో సుస్థిరతను కూడా చేర్చేసింది. ఒకే పుస్తకాన్ని వందమంది చదవడం అనాదిగా ఉన్నదే. దానికి ఇంత పెద్ద పేరుందని తెలియకే ఇన్నాళ్లూ ప్రశాంతంగా ఉన్నాం.

అసలు తప్పు మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ గారిది. 1931లో ఆయన చెప్పిన అయిదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. లెక్కల మాస్టారు అయి ఉండి, ఎంతవరకు పెరగాలో, ఏ దిక్కుకు పెరగాలో చెప్పకుండా వదిలేశారు. ఆయన బీరువాలు పెరుగుతాయన్నారు గానీ, తీగ కిటికీ ఊచలు పట్టుకుని రిఫరెన్స్ విభాగంలోకి తొంగి చూస్తుందనుకోలేదు.

సమయానికి మేల్కొన్నవాళ్లు లేకపోలేదు. 2014లో పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌లో సింప్సన్ లైబ్రరీ ఇలాంటి సొరుగే తెరిస్తే, రాష్ట్ర వ్యవసాయ శాఖ ఉత్తరం పంపింది. 2004 నాటి విత్తన చట్టం ప్రకారం మొలక శాతం, స్వచ్ఛత పరీక్షలు చేయించకుండా జనం తెచ్చిన గింజలు పంచకూడదని. స్థానిక అధికారి ఒకరైతే వ్యవసాయ ఉగ్రవాదం అన్న మాట కూడా వాడారు. ఎంత దూరదృష్టి! పొట్లంలో నాలుగు చిక్కుడు గింజలు, వాటి వెనక ఎంతెంత కుట్రలో! కానీ ఎక్కువ కాలం నిలబడలేకపోయారు. డబ్బు చేతులు మారని ఇచ్చిపుచ్చుకోవడాలకు ఈ నిబంధనలు వర్తించవని 2016లో ఆ రాష్ట్రమే చెప్పేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు కూడా ఉండరు ఇక, కావాలంటే అడిగి పట్టుకెళ్లొచ్చు కాబట్టి.

నిశ్శబ్దం సంగతి చెప్పనక్కర్లేదు. వెనక ఖాళీ జాగాలో మళ్లు కట్టి పంచుకున్నారు. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర పేపర్ చదువుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోని పెద్దమనుషులిద్దరు, నిన్న పేనుబంకకు సబ్బు నీళ్లు ఎంత పల్చగా కలపాలన్న దాని మీద అరగంట వాదించుకున్నారు. ఒకాయన రెండో ఆయన్ని "నువ్వు" అనేదాకా వెళ్లింది. సాయంత్రం ఇద్దరూ కలిసి ఒకే బకెట్ మోసుకెళ్లారు.

ఇవన్నీ నేను ఎప్పటికప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాను. మొత్తం 11. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొన్న కంపోస్ట్ తొట్టి దగ్గర ఆగి లోపలికి చూశాను. కార్బన్ 30 పాళ్లకు నైట్రోజన్ ఒక పాలు ఉండాలట, పచ్చి చెత్త ఎక్కువైతే కుళ్లి కంపు కొడుతుందట. అందుకని ఎండుటాకులు, చించిన కాగితాలు కలుపుతారు. ఆ చించిన కాగితాల్లో ఒకదాని మీద నా సంతకం సగం కనిపించింది. ఇంకోదాని మీద "తక్షణమే చర్య" అన్న మాట, దాని పక్కన వానపాము.

"మీ కాగితం భలే తొందరగా కలిసిపోతుందండీ, ఇంకేమైనా ఉంటే ఇవ్వండి," అంది లైబ్రేరియన్, ఎంతో మర్యాదగా.

పన్నెండో ఫిర్యాదు ఇవాళే ఇచ్చాను. ఈసారి లామినేషన్ చేయించాను.