హాల్‌మార్కు ముద్రగారికి ఒక బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ హాల్‌మార్కు ముద్రగారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం కళ్లారా చూద్దామంటే భూతద్దం కావాలి. బంగారు ఉంగరం లోపలివైపు, సబ్బు మురికి పేరుకునే చోట, ఒక త్రికోణం, పక్కన 22కె916 (22 క్యారెట్లు, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం), ఆ పక్కన అంకెలూ అక్షరాలూ కలగలిపిన ఆరు గుర్తులు. తమరి విశ్వరూపం అంతే.

తమరు రాకముందు మాకు గీటురాయి ఉండేది, దానికి తోడు అనుమానం ఉండేది. కంసాలి ఎదురుగా పీట వేసుకుని, ఆయన ఊదుగొట్టం ఊదినంతసేపూ రెప్ప వేయకుండా కూర్చుని, ఇంటికొచ్చాక “ఎంత నొక్కేశాడో” అనుకునేవాళ్లం. పాపం, ఆయన మీద సామెతలు కూడా కట్టాం. ఇప్పుడు ఏసీ షోరూములో బాదంపాలు తాగి, నగ ఎక్కడ తయారైందో కూడా అడక్కుండా లక్షలు కట్టి వస్తున్నాం. షోరూము మీద ఒక్క సామెతా పుట్టలేదు. ఈ ధీమా తమరి చలవే. 2000లో వచ్చి ఇరవయ్యేళ్లు ఇష్టమైనవాళ్ల నగల మీదే కూర్చున్నారు. 2021 జూన్ 16న 256 జిల్లాలతో మొదలుపెట్టి తప్పనిసరి అయ్యారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరు గుర్తులు లేనిదే నగ అమ్మకూడదన్నారు.

పనితనానికి వంక పెట్టను. నగలోంచి రవ్వంత గీకి, వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో పెడతారు. రాగీ గీగీ సీసంతో పాటు మూసలోకి ఇంకిపోతాయి. వెండిని నైట్రిక్ యాసిడ్ తినేస్తుంది. మిగిలినదాన్ని తూస్తే నిజం మిల్లీగ్రాముల్లో తేలుతుంది. (అన్ని నగలకూ ఈ అగ్నిప్రవేశం ఉండదు లెండి. లాటులో కొన్నిటికే. మిగతావి ఎక్స్‌రే మిషను కింద దర్శనమిచ్చి వస్తాయి.)

ఒక్కటే ధర్మసందేహం. పరీక్ష చేసే కేంద్రం షాపువాడిది కాదు, గుర్తింపు ఉన్న వేరే సంస్థ. సంతోషం. మరి ఏ కేంద్రానికి పంపాలో ఎంచుకునేది షాపు. నగకు 45 రూపాయలూ జీఎస్టీ చేతికిచ్చేదీ షాపే. ఆ 45 మా బిల్లులో విడిగా పడుతుంది. అంటే జీతం మాది, హాజరుపట్టీ వాళ్లది.

అది పోనివ్వండి. తమరు బంగారానికి కాపలా, బిల్లుకు కాదు. ఈ సంగతి మాకంటే ముందు షాపులకు తెలిసింది. కల్తీకి దారి మూసేసరికి తరుగు, అంటే నగ చేసేటప్పుడు వృథా అయిందని కట్టే లెక్క, దాని తలుపు బార్లా తెరుచుకుంది. పది గ్రాముల గొలుసుకు 18 శాతం తరుగంటే 1.8 గ్రాముల బంగారానికి డబ్బు కట్టాం, అది గొలుసులో లేదు. మా దగ్గర తరిగింది ఎవరింట పెరుగుతోందో తమరి త్రికోణం చెప్పదు. ఒకాయన “తరుగు లేదు” అని ఫ్లెక్సీ కట్టి మజూరీలో చూసుకుంటాడు. ఇంకొకాయన మజూరీ మాఫీ చేసి తరుగులో రాబడతాడు. కెంపులూ పచ్చలూ పొదిగిన నెక్లెసు అయితే రాళ్లు కూడా బంగారం ధరకే తూగుతాయి, అడగనివాడికి.

పాత నగ మార్పిడికి వెళ్లినప్పుడు చూడాలి తమరి పరువు. కొన్నరోజు తమరి మాట వేదవాక్కు. అదే నగ అదే కౌంటరుకు తెస్తే, “మా మిషన్లో పెట్టి చూడాలండి.”

మేమూ తక్కువవాళ్లం కాదు. తమరిని నడిపే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ ఆరు గుర్తులూ కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం, షాపు రిజిస్ట్రేషను బయటపడతాయి. కొట్టం. “కేడీఎమ్మేనా?” అని అడుగుతాం. కేడీఎం అంటే కాడ్మియం అతుకు. కార్మికుల ఊపిరితిత్తులు తినేస్తోందని ఎప్పుడో పక్కన పెట్టేశారు. సేల్స్ కుర్రాడు మాత్రం, “అవునమ్మా, 916 కేడీఎం” అని ఒట్టేసినట్టు చెబుతాడు. ఇద్దరికీ తృప్తి. స్వచ్ఛత తగ్గితే ఆ తేడాకు రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు వసూలు చేసుకోవచ్చని రూలుంది. బిల్లు దొరికితే కదా! అది బీరువాలో పట్టుచీర మడతల్లో ఉంది.

కాబట్టి మనవి. తమరిని నగ మీద చెక్కే లేజరు కాస్త చల్లారాక ఒకసారి ఆ బిల్లు వైపు కూడా జరిగి కూర్చోండి. తరుగు ఎంత, ఎందుకంత అన్న గడి పక్కన చోటుంది.

ఇట్లు,
తరుగు కట్టిన ఒక తండ్రి

తా.క.: రెండు గ్రాముల లోపు నగకు తమరు తప్పనిసరి కాదట. మా అమ్మాయి ముక్కుపుడక అంతకంటే తక్కువే తూగింది, ముద్ర కూడా లేదు. బిల్లులో మాత్రం హాల్‌మార్కు చార్జీ 45 పడింది. అడిగితే “కంప్యూటరు అలాగే తీసుకుంటుందండి” అన్నారు. ఆ 45 తమరికి ముట్టిందా?