అవ్వ నిద్రపోవట్లేదంటే మాత్రేనా మందు?

మతిమరుపు ముదిరిన అవ్వ రాత్రి ఒంటిగంటకు లేచి, పుట్టింటికి పోవాలని తలుపు గడియ లాగుతుంటే, తెల్లారి పనికి పోవాల్సిన ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లని మేలుకుంటారు? పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోతారు. కత్తెరతో కత్తిరించి ఇచ్చే నాలుగు మాత్రల ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. ఇంట్లో దాన్ని నిద్రమాత్ర అంటారు. అది రిస్పెరిడోనో, ఓలాంజపినో, హాలోపెరిడాలో అయితే మాత్రం నిద్రమాత్ర కాదు, యాంటీసైకోటిక్, అంటే స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందు.

ఈ మందులు చెడ్డవని మేం అనడం లేదు. స్కిజోఫ్రీనియా ఉన్న ఎంతోమందిని మళ్లీ మామూలు బతుకులోకి తెచ్చినవి ఇవే, వాళ్లెవరూ ఇది చదివి మాత్ర మానేయొద్దు. మా భయం డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు ఉన్న పెద్దల గురించి. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి పెద్దల మీద ఈ మందులను పరీక్షించిన 17 ట్రయల్స్ లెక్కలు కలిపి చూసింది. చాలావరకు పది వారాలే సాగిన ఆ ట్రయల్స్‌లో, మందులేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో సుమారు 2.6 శాతం మంది చనిపోతే, కొత్తతరం యాంటీసైకోటిక్ వేసుకున్నవాళ్లలో సుమారు 4.5 శాతం మంది చనిపోయారు, ఎక్కువమంది గుండె సమస్యలతోనో న్యుమోనియాతోనో. అందుకే 2005లో గట్టి హెచ్చరిక ఇచ్చింది, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాత మందులకూ దాన్ని వర్తింపజేసింది. బ్రిటన్‌లో అప్పటికే ఈ మందులు వాడుతున్న అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) రోగుల్లో కొందరికి మందు కొనసాగించి, కొందరికి ఉత్తుత్తి మాత్రకు మార్చి చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి: రెండేళ్లకు మందు కొనసాగించినవాళ్లలో 46 శాతం, మార్చినవాళ్లలో 71 శాతం బతికున్నారు. చిన్న ట్రయలే, కానీ ఈ తేడాను చూసీ చూడనట్టు వదిలేయలేం.

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి రెండు రోజుల్లోనే తిక్కగా మాట్లాడుతూ ఎగబడుతోందంటే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, మలబద్ధకమో, చెప్పుకోలేని మోకాలి నొప్పో, అనంతపురం ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గాయో చూడాలి. డిమెన్షియాలోనే లెవీ బాడీ అనే రకం అయితే హాలోపెరిడాల్‌తో మనిషి కట్టెలా బిగుసుకుపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇవేవీ మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తేలే విషయాలు కావు.

మందు తప్పనిసరైన సందర్భాలూ ఉన్నాయి, తననో ఎదుటివాళ్లనో గాయపరుచుకునేంత ఉద్రేకం ఉంటే డాక్టర్ ఇస్తారు, ఇవ్వాలి కూడా. అయితే తక్కువ మోతాదులో, తక్కువ రోజులు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం కనీసం ఆరు వారాలకోసారి ఇంకా అవసరమా అని చూడాలి. మన చీటీల మీద ఎందుకు, ఎన్నాళ్లు అన్న రెండు ముక్కలు రాయడానికి డబ్బేం ఖర్చు కాదు.

దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒక పూటైనా మతిమరుపు ఓపీ పెట్టి, పెద్దలు వాడుతున్న మందులన్నీ అక్కడ తిరగేసి చూడాలని, రాత్రంతా కాపలా కాసే కోడలికీ కూతురికీ కూడా అక్కడే సలహా దొరకాలని మేం అడుగుతున్నాం. బెంగళూరులోని మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ దాకా అందరూ పోలేరు కదా. ఇప్పటికే ఈ మాత్రలు వేస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్‌కు చూపించి మెల్లగా తగ్గించుకోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.